దసరా దాకా దాచిన కాఫీ గింజలు

పిల్లలూ! మా వీర్నపల్లిలో తెల్లవారుజామున ఏ వాకిట్లో నిలబడినా చాయ్ కాగే వాసనే వస్తుంది. కాఫీ తాగే ఇళ్లు ఊరంతా వెతికినా ఒకటో రెండో, అంతే. అటువంటి ఊళ్లో కాఫీ గింజలను గురించి నన్ను నెలల తరబడి ప్రశ్నలతో నిలవనీయని అమ్మాయి ఒకతె ఉంది. అప్పుడు తొమ్మిదవ తరగతి. పేరు రాయవద్దని చెప్పింది కనుక రాయడం లేదు.

వేసవి సెలవుల తరువాత బడి తెరిచిన వారంలోనే, మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక, ఆ అమ్మాయి ఒక కాగితపు పొట్లం తెచ్చి నా బల్లమీద విప్పింది. అందులో పచ్చా బూడిదా కలిసినట్టున్న రంగులో పదిహేను ఇరవై గింజలున్నాయి. ఒకవైపు బోర్లించిన దోనెలా ఉబ్బుగా, మరోవైపు చదునుగా ఉన్నాయి. చదునువైపు నడిమధ్య ఒక గీత.

“సార్, గివేం గింజలు? మా బాపు కాపీ గింజలని పంపిండు. కాపీ అయితే నల్లగుంటది గదా? మా నానమ్మ అయితే ఇవి బూజుపట్టిన అనుములు అంటున్నది.”

విషయం ఏమిటంటే, ఆ అమ్మాయి తండ్రి మూడేళ్లుగా సౌదీలో ఒక ఇంట్లో డ్రైవరు. మా సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో ఇది కొత్త సంగతి కాదు. గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు అరుదు. మే నెలలో ఊరికి వచ్చిన ఒకాయన చేతికి ఇచ్చి, ఆ తండ్రి అర కిలో పచ్చి కాఫీ గింజలు పంపించాడు. దానితోపాటు ఫోనులో ఒక మాట కూడా చెప్పాడు: “నేను దసరకు వస్త. వచ్చినంక నా చేతులతోనే ఏంచి, గావ పెట్టి మీకు పోస్త. అప్పటిదాంక పాకిట్ ఇప్పద్దు.”

అయితే పాకిట్ అప్పటికే విప్పారు! అమ్మ ఒక గుప్పెడు గింజలను పల్లీలు వేయించినట్టు పెంకమీద వేయించి, మిక్సీలో పొడి చేసి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసింది. మిగిలిన గింజలు పాకిట్లోనే, మూతి మడిచి, పొయ్యి పైనున్న అటకమీద పెట్టి ఉన్నాయి. అటకకు జానెడు ఎత్తున ఇంటి రేకులు.

“దసరదాంక ఆగుతయా సార్?” ఇదీ ప్రశ్న. జూన్ నుంచి దసరా అంటే నడుమ వానకాలం అంతా ఉంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు గడువు అడిగాను.

పల్లీకాయ చెప్పిన పాఠం

కాఫీ సంగతి తరువాత. ముందు మీ ఇంట్లో పల్లీలను తలచుకోండి. పొట్టుతో ఉన్న పల్లీకాయను బాగా ఎండబెట్టి సంచిలో కట్టిపెడితే మళ్లీ పంట వచ్చేదాకా నిలుస్తుంది. అదే పల్లీలను వేయించి డబ్బాలో పెడితే కొద్ది వారాలకే కరకర తగ్గి, రుచి మారుతుంది. వేయించి దంచిన పల్లీపొడి అయితే ఇంకా తొందరగా పాతనూనె వాసన కొడుతుంది. గింజ ఒక్కటే. పచ్చిగా ఉన్నప్పుడు దాని వయసు వేరు, వేయించాక వేరు, పొడి చేశాక వేరు.

కాఫీకీ ఇంతే! బాగా ఆరిన పచ్చి కాఫీ గింజను సరిగ్గా దాస్తే ఏడాది దగ్గర నిలుస్తుంది. వేయించిన గింజ డబ్బా తెరిచాక మూడు నాలుగు వారాలపాటు కమ్మగా ఉంటుంది. పొడి రోజుల్లోనే నీరసిస్తుంది. ఆ తరువాత తాగితే ప్రాణానికి ముప్పేమీ లేదు గాని, దేనికోసం కాఫీ తాగుతారో ఆ వాసన మాత్రం ఉండదు. అందుచేత ఆ తండ్రి పచ్చిగింజలే పంపడంలో గొప్ప తెలివి ఉంది. వేయించకుండా పంపితే దసరాదాకా కాలం దొరుకుతుంది. ఆయనకు ఇది ఎవరైనా చెప్పారో, తానే కనిపెట్టాడో!

గీత ఎందుకు పడింది?

కాఫీ గింజ మన అనుములూ శనగలవంటి పప్పుజాతి కాదు. మన ఇళ్లముందు ఎర్రగా గుత్తులు పూసే నూరువరహాల చెట్టు, మా అడవుల్లోని బిక్కి చెట్టు ఏ కుటుంబమో కాఫీ కూడా ఆ కుటుంబమే. పండు రేగుపండంత ఉండి, పండాక ఎర్రబడుతుంది. లోపల రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకొని పెరుగుతాయి. అందుకే ఆనుకున్నవైపు చదును. గింజ తన అంచులను లోపలికి ముడుచుకొని పెరగడంవల్ల ఆ గీత వస్తుంది. అప్పుడప్పుడు పండులో ఒకే గింజ పెరుగుతుంది. దానికి ఆనుకునే జంట లేదు కనుక గుండ్రంగా, శనగలా ఉంటుంది. అంగళ్లలో దీన్నే పీబెర్రీ అని విడిగా అమ్ముతారు. మా పొట్లంలో అలాంటిది ఒకటి దొరికితే ఆ అమ్మాయి తన కంపాసు పెట్టెలో దాచుకుంది.

మన తెలుగునేలమీదనే కాఫీ పండే చోటు ఉంది. తూర్పు కనుమల్లోని అరకులోయ, చింతపల్లి ప్రాంతం. సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీ. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లలను అక్కడికి విహారయాత్రకు తీసుకొని వెళ్లాము. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలు. గిరిజన రైతులు ఎర్రని పండ్లను మాత్రమే ఏరి కోస్తున్నారు. పైతోలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, ఆ గింజలను ఎండలో పరిచి గంటగంటకూ తిరగేస్తున్నారు. మా పిల్లల్లో ఒకడు “ధాన్యం ఆరబోసినట్టే ఉన్నది” అన్నాడు. సరిగ్గా అదే పని! గింజలో నీరు నూటికి 10 నుంచి 12 వంతులకు దిగేదాకా ఆరబెడతారు. అరకు అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో అరకు పేరుతో కాఫీ అంగడి కూడా తెరిచారు.

అరాబికా అన్నాను కదా. మనం తాగే కాఫీలో ముఖ్యమైన జాతులు రెండు. అరాబికా చల్లని ఎత్తైన చోట్ల పెరుగుతుంది, వాసన ఎక్కువ, చేదు తక్కువ. రోబస్టా కింది నేలల్లో మొండిగా పెరుగుతుంది, చేదు ఎక్కువ, కెఫీను దాదాపు రెట్టింపు. గింజను చూసి కొంతవరకు పోల్చుకోవచ్చు: అరాబికా కోలగా ఉండి, దాని గీత కొంచెం వంకర తిరిగి ఉంటుంది. రోబస్టా గుండ్రన, గీత తిన్నన. మా పొట్లంలోవి కోలగా, వంకర గీతతో ఉన్నాయి. అరాబికాయే అని తేల్చుకున్నాం.

నీరు, వేడి, వాసన

రెండు రోజుల తరువాత నేను ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. అటకమీద పాకిట్ పక్కనే ఇంగువ డబ్బా ఉంది. దాని పక్కన ఎండుమిరపకాయల సంచి. నానమ్మ, పురుగు పట్టకుండా కందుల్లో కలిపినట్టు కాఫీ గింజల్లో కూడా కలపాలని వేపాకు ఎండబెడుతోంది. మనసు మంచిదే. కాని ఒక్క రోజు ఆలస్యమై ఉంటే దసరాకు ఆ ఇంట్లో వేప కాఫీ తాగవలసి వచ్చేది!

కాఫీ గింజ స్పంజివంటిది. కంటికి రాయిలా కనబడినా లోపల సన్నని రంధ్రాలెన్నో. చుట్టూ గాలిలో ఏ వాసన ఉంటే అది పట్టుకుంటుంది. వెన్నముద్దను ఉల్లిగడ్డ ముక్కల పక్కన పెట్టి మూతవేసి, మరునాడు రుచి చూడండి, తెలుస్తుంది. వాసనతోపాటు తేమనూ అట్లాగే పీల్చుకుంటుంది.

తేమ పీల్చడం గురించి చరిత్రలో ఒక చక్కని కథ ఉంది. తెరచాప ఓడల కాలంలో మన పడమటి తీరం నుంచి యూరపుకు కాఫీ వెళ్లాలంటే ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి నెలల తరబడి సముద్రంమీద ప్రయాణం చేయాలి. ఓడ అడుగున చెక్కల మధ్య కూర్చున్న గింజలు సముద్రపు తేమను తాగి ఉబ్బి, పచ్చరంగు పోయి, గడ్డిరంగుకు తిరిగేవి. పులుపు తగ్గి ఒక విచిత్రమైన రుచి వచ్చేది. యూరపువాళ్లు ఆ రుచికే అలవాటుపడ్డారు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు, పొగఓడలు వచ్చాయి, ప్రయాణం కొద్ది వారాలకు తగ్గింది. గింజ పచ్చగానే చేరింది. “ఇది మా కాఫీ కాదు” అన్నారట కొన్నవాళ్లు! అందుకని నేటికీ మన పడమటి తీరంలో గోదాముల తలుపులు తెరిచి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాల గాలి గింజలకు తగిలేటట్టు పరిచి, తిరగేసి, కావాలనే ఆ మార్పు తెప్పిస్తారు. దాని పేరు మాన్‌సూన్డ్ మలబార్.

అయితే అది తెలిసినవాళ్లు, రోజూ కనిపెట్టి చేసే పని. మన ఇంట్లో మూలన పడి ఉన్న పాకిట్ తేమ తాగితే రుచి రాదు, బూజు వస్తుంది. గింజలో నీరు నూటికి 13 దాటితే బూజుకు పండగే. కొన్ని బూజులు విషం కూడా తయారుచేస్తాయి. దాన్ని వేయించినా పూర్తిగా పోదు.

ఇక వేడి. రేకుల కింద, పొయ్యి పైన, మా జిల్లా వేసవిలో ఆ అటకమీద వేడి ఎంత ఉంటుందో మీరే ఊహించండి. వేడి పెరిగినకొద్దీ గింజలోని మార్పులన్నీ త్వరపడతాయి.

“మేనత్తోల్లింట్ల ఫ్రిజ్ ఉన్నది, అండ్ల పెట్టాల్నా సార్?” అని అడిగింది అమ్మ. ఇది చాలామంది చేసే పని కనుక చెబుతున్నాను, వద్దు. చల్లని నీళ్లున్న గ్లాసును బయట పెడితే దాని ఒంటిమీద చెమట పట్టడం చూశారు కదా? ఆ నీరు గ్లాసులోది కాదు, గాలిలోది. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బా మూత తెరవగానే గాలిలోని ఆవిరి అదేవిధంగా చల్లని గింజలమీద నీరై కూర్చుంటుంది. తీసి పెట్టిన ప్రతిసారీ ఒక విడత తడి. పైగా అందులోని కూరల వాసన ఒకటి.

చివరకు చేసింది ఇది. గింజలను ముందు చేటలో పోసి ఏరాము. నల్లబడినవి, విరిగినవి, కొనదగ్గర సూదిబెజ్జం ఉన్నవి తీసివేశాము. ఆ బెజ్జం కాఫీకాయ తొలిచే పురుగు పని. ఇట్లా ఏరేది పైకి అందానికి కాదు. నాలుగు చెడ్డగింజలు చాలు, గిన్నెడు కాఫీ రుచి పాడు కావడానికి. మంచివాటిని మందపాటి పాలిథిన్ సంచిలో పోసి, గాలి పిండి, మూతి మెలిపెట్టి గట్టిగా కట్టి, ఆ సంచిని బిగువు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాము. డబ్బాను వంటింట్లో కాదు, మట్టిగోడల పాత అర్రలో, నేలకు దగ్గరగా, గూట్లో ఉంచాము. అక్కడ మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. ఆ అర్రలో వడ్లకు పెట్టే మందుబిళ్లలు ఏమీ లేవని ముందే అడిగి తెలుసుకున్నాను. ఆ బిళ్లల నుంచి వచ్చే వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది. తిండి వస్తువుల దగ్గర వాటిని మీరు ఎన్నడూ ముట్టవద్దు సుమా!

తెరవకుండా చూడటం ఎట్లా?

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన రెండవ ప్రశ్న: “లోపల తేమ ఎక్కిందో లేదో మూత తీయకుండ ఎట్ల తెలుస్తది?”

నాకు ఇంతకాలపు ఉద్యోగంలో ఇంత మంచి ప్రశ్నలు ఎక్కువ రాలేదు. మూత తీస్తే తేమ ఎక్కుతుంది, తీయకపోతే తెలియదు. ఏం చేయాలి? తూచాలి! నీటికి బరువుంది కదా. డబ్బా డబ్బాగా తూచితే, పెరిగిన ప్రతి గ్రామూ లోపలికి దూరిన నీరే.

కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటామీద పెట్టాము. ఖాళీ డబ్బా, సంచితో కలిపి, 310 గ్రాములు. గింజలు 440 గ్రాములు. మొత్తం 750. గింజల్లో నీరు 10 నుంచి 12 వంతుల మధ్య ఉంటుంది కనుక నడుమ 11 అనుకున్నాము. ఇప్పుడు మీరు కూడా కాగితం తీసుకోండి. 440లో నూటికి 11 వంతులు అంటే 48.4 గ్రాముల నీరు. మిగిలిన 391.6 గ్రాములు పొడిగింజ, ఇది మారదు. నీరు నూటికి 13 అయితే పొడిభాగం నూటికి 87. అంటే 391.6ను 87తో భాగించి 100తో గుణిస్తే గింజల బరువు 450 గ్రాములు. డబ్బాతో కలిపి 760. అంటే కాటామీద 760 కనబడిందంటే డబ్బా తెరిచి ఎండకు పెట్టవలసిందే అన్నమాట.

ఆ అమ్మాయి ఎర్ర సిరాతో మూతమీద ‘760’ అని రాసింది. కొట్టాయన నవ్వాడు గాని, పదిహేను రోజులకొకసారి తూచుకోనిచ్చాడు. జూలై నడుమ 750. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు పరుగున వెళ్లి తూచింది, 751. వినాయక చవితి తరువాత 752. బతుకమ్మ పండుగ మొదలయ్యే నాటికి 753. వానకాలమంతటికీ దూరిన నీరు 3 గ్రాములు! లెక్క కడితే తేమ నూటికి 11.6.

ఆ నడుమ ఇంకొక ప్రయోగం కూడా జరిగింది, దానిలో నా ప్రమేయం లేదు. ఆమె తమ్ముడు జూన్‌లోనే పది గింజలు కుండీలో పాతాడు. రోజూ నీళ్లు పోశాడు. ఒక్కటీ మొలవలేదు. వాడు మా గింజలు చచ్చిపోయాయని ఏడ్చాడట. వడ్లూ కందులూ ఏడాది దాచినా మొలుస్తాయి గాని కాఫీ గింజకు ఆ ఓపిక తక్కువ. ఆరిన కొద్ది నెలలకే మొలిచే శక్తి తగ్గిపోతుంది. పైగా దానిమీది గట్టి పెంకుపొర మిల్లులో తీసేస్తారు. కాని మొలిచే శక్తి వేరు, రుచి వేరు. బాబా బుడన్ అనే సాధువు యెమెన్ దేశపు మోకా రేవునుంచి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పే కథ మీరు వినే ఉంటారు. ఆ కథ నిజమైతే ఆయన దారిలో ఎక్కువ కాలం ఆగి ఉండడు!

అమ్మ డబ్బాలో ఏమయింది?

మేలో అమ్మ వేయించి పొడి చేసిన గుప్పెడు సంగతి మరిచిపోలేదు కదా. జూలైలో ఆ డబ్బా తెప్పించి తరగతిలో మూత తీసి చూపాను. వెనుక వరుస పిల్లలు పాత కిరసనాయిలు అన్నారు, ముందు వరుసవాళ్లు పాత పల్లీపొడి అన్నారు. నాకైతే తడిసిన అట్టపెట్టె గుర్తుకు వచ్చింది. కాఫీ అని ఒక్కరూ అనలేదు.

ఎందుకని? పచ్చి గింజకు కాఫీ వాసన ఉండదు. వేయించేటప్పుడు, సుమారు 180 నుంచి 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, గింజలోని చక్కెరలూ మాంసకృత్తుల ముక్కలూ కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. రొట్టె కాలినచోట ఎర్రబడి కమ్మని వాసన రావడానికీ ఇదే కారణం. 1912లో మాయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. ఇట్లా పుట్టే వాసన పదార్థాలు 800కు పైగా ఉన్నాయని లెక్కించారు. వాటిలో చాలావరకు తేలికగా ఎగిరిపోయేవే. మనకు వాసన తగిలిందంటే అవి గింజను వదిలి మన ముక్కుదాకా వచ్చాయనే కదా అర్థం! అరాబికా గింజలో నూటికి 15 వంతుల దాకా నూనె ఉంటుంది. ఆ నూనెతో గాలిలోని ఆక్సిజను కలిస్తే పాతవాసన పుడుతుంది.

పొడి చేస్తే ఇదంతా ఎందుకు త్వరగా జరుగుతుందో లెక్కతో చూడండి. 8 మిల్లీమీటర్ల భుజం ఉన్న ఘనం ఉందనుకోండి. దాని ఉపరితలం 6 × 64 = 384 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని ఒక్కొక్క మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 512 ముక్కలు. ఒక్కొక్కదాని ఉపరితలం 6. మొత్తం 3072. గాలికి తగిలే మేర 8 రెట్లయింది! అర మిల్లీమీటరు ముక్కలైతే 16 రెట్లు. మిక్సీ పొడి ఇంకా మెత్తన.

కనుక మీ ఇంట్లో ఎవరైనా కాఫీ కొనబోతే ఈ మాట చెప్పండి: పొడికంటే గింజ మేలు, అది కూడా పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే. పాకిట్‌మీద ‘ఫలానా తేదీలోగా వాడండి’ అన్నదానికన్నా ఎప్పుడు వేయించారో ఆ తేదీ ముఖ్యం. కొన్ని పాకిట్లకు గుండీవంటి చిన్న బెజ్జం ఉంటుంది. దాన్ని చూసి పాకిట్ చిరిగిందని అంగడివాడితో తగవు పడవద్దు. లోపలి వాయువును బయటకు పోనిచ్చి, బయటి గాలిని లోపలికి రానీయని కవాటం అది. దాని అవసరం ఏమిటో కొద్దిసేపట్లో చెబుతాను. గాజు సీసాలో పోసి అందంగా కిటికీలో పెట్టడం చూస్తుంటాము. వెలుతురు కూడా కాఫీకి శత్రువే.

పొడే కొనవలసి వస్తే చికోరీ సంగతి తెలుసుకోండి. అది కాఫీ కాదు, ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. దానిలో కెఫీను ఉండదు. చట్టం ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ నూటికి 51కి తగ్గరాదు, ఎంత కలిపారో పాకిట్‌మీద రాయాలి. మీరే చూడదలచుకుంటే గాజుగ్లాసులో చల్లని నీళ్లు పోసి, చిటికెడు పొడి పైన చల్లండి. కాఫీ రేణువులు నూనె ఉండటంవల్ల కాసేపు తేలుతాయి. చికోరీ వెంటనే మునుగుతూ గోధుమరంగు చారలు వదులుతుంది. చూడముచ్చటైన ప్రయోగం. కాఫీ తాగమని మాత్రం మిమ్మల్ని ప్రోత్సహించడం లేదు; మీ వయసుకు పాలు చాలు.

దసరా వెళ్లిపోయింది

బతుకమ్మ ముందురోజు ఆ అమ్మాయి బడికి వచ్చింది గాని మాట్లాడలేదు. మధ్యాహ్నం నేనే అడిగాను. “బాపుకు సెలవు దొరకలేదట సార్. సంక్రాంతికి వస్తడట.” కొంచెం ఆగి మళ్లీ అంది, “ఇంక మూడు నెల్లు ఆగుతయా?”

ఈసారి జవాబుకు నేను గడువు అడగలేదు. వానకాలం దాటిన గింజకు చలికాలం ఒక లెక్క కాదు. గాలి పొడిగా ఉంటుంది, వేడి ఉండదు. ఆగుతాయని చెప్పాను. కాని లోలోపల నాకూ దిగులుగానే ఉంది. గింజలు ఆగుతాయని చెప్పగలను గాని, విమానం టికెట్ సంగతి నేను చెప్పలేను కదా.

ఆయన జనవరి రెండవ వారంలో వచ్చాడు. మరునాడు సాయంత్రం నన్ను పిలిచారు. కాటామీద డబ్బా 752 ఉంది. ఏడు నెలల తరువాత మూత తీశాము. గింజలు కొంచెం తెల్లబడ్డాయి, పచ్చదనం తగ్గింది. ముక్కు దగ్గర పెడితే ఎండుగడ్డి వాసన. బూజు లేదు, పురుగు లేదు, ఇంగువ వాసన అసలే లేదు. నానమ్మ కూడా వాసన చూసి ఊరుకుంది.

200 గ్రాములు తూచి తీసి, రెండు వాయిలుగా పెంకమీద వేశాడు. సన్నని సెగ. చేయి ఆపకుండా కలుపుతున్నాడు. మొదట పచ్చిగడ్డి వాసన, తరువాత రొట్టె వాసన, ఆపైన పేలాలు పేలినట్టు చిటపటలు! గింజలోని నీరు ఆవిరై, ఇతర వాయువులతో కలిసి, గింజను పగలగొట్టుకొని వచ్చే చప్పుడది. మనం అంగట్లో చూసే నల్లరంగు దాకా పోనీయలేదు. బెల్లంరంగు దగ్గరే దించేశాడు. అరబ్బులు అంతే వేయిస్తారట. మళ్లీ తూచితే 174 గ్రాములు. పోయిన 26 గ్రాముల్లో ఎక్కువ భాగం నీరే.

కచ్చాపచ్చాగా రోట్లో దంచి, నీళ్లలో మరిగించి, ఏలకులు వేసి దించాడు. పాలు లేవు, చక్కెర లేదు. అరబ్బు దేశాల్లో దీన్ని పొడుగుముక్కు కూజాలోంచి పిడిలేని చిన్న గిన్నెల్లో పోసి, ఖర్జూరాలతో అతిథికి ఇస్తారు. 2015లో యునెస్కో ఈ మర్యాదను ప్రపంచ సంస్కృతుల జాబితాలో చేర్చింది. మాకు చాయ్ గిలాసలే గిన్నెలు. రంగు పలుచని తేనెలా ఉంది. చేదు లేదు. ఏలకుల వెనుక ఎక్కడో చిన్న కమ్మదనం. మొదటి గిలాస నాకిచ్చి, రెండవది కూతురి చేతికిచ్చాడు. అది ఒక్క గుటక తాగి ఏమీ అనలేదు గాని గిలాస కింద పెట్టలేదు. “గిదేం కాపీరా, ఇంత చక్కెర ఎయ్యరాదు!” అంది నానమ్మ.

ఇందాక కవాటం సంగతి చెబుతానన్నాను. మరునాడు ఆ అమ్మాయి వేయించిన గింజలు కొన్ని బడికి తెచ్చింది. చిన్న మందుసీసాను వాటితో నింపి, బిరడాకు గొట్టం అమర్చి, గొట్టం రెండవ కొనను సున్నపుతేట నీటిలో ముంచాము. ఒక్కొక్క బుడగే, ఎంతో నిదానంగా వచ్చింది. సాయంత్రానికి తేటనీరు పాలలా తెల్లబడింది. అంటే కార్బన్ డై ఆక్సైడ్. మా చిన్నప్పటి పుస్తకాల్లో దీన్నే బొగ్గుపులుసు గాలి అనేవారు. వేయించేటప్పుడు పుట్టిన ఈ వాయువు గింజ రంధ్రాల్లో చిక్కుకొని, రోజుల తరబడి మెల్లగా బయటకు వస్తుంది. బయటకు తోసుకొచ్చినంతకాలం గాలిని కొంతవరకు లోపలికి రానీయదు. అందుకే కొత్తగా వేయించిన గింజలను బెజ్జం లేని పాకిట్లో మూసేస్తే అది బూరలా ఉబ్బుతుంది.

ఆయన మార్చిలో మళ్లీ వెళ్లాలి. డబ్బాలో ఇంకా 242 గ్రాముల పచ్చిగింజలున్నాయి. డబ్బాతో కలిపి 552. ఆ అమ్మాయి లెక్క కట్టుకొని వచ్చి నాకు చూపింది, సరిగ్గానే ఉంది. మూతమీది 760ని కొట్టేసి, దాని కింద ఎర్ర సిరాతో ‘556’ అని రాసింది.